నిలబడ్డ మోకాలు

మొగిలమ్మ కుంటుతున్నదని మనిషి కనబడకముందే స్రవంతికి తెలిసిపోయింది. హనుమకొండలోని ఆ స్కానింగ్ సెంటర్ వరండాలో చెప్పుల చప్పుడు ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా పడుతూ వచ్చి ఎక్స్‌రే గది ముందు ఆగింది. మూడేళ్లుగా అక్కడ ఫొటోలు తీస్తున్న పిల్లకు ఆ చప్పుళ్లు వినడం అలవాటే.

మొగిలమ్మ హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో ఊడుస్తుంది. నాలుగంతస్తులు. మోకాలు సహకరించడం లేదు, కింది అంతస్తు పని ఇవ్వమని అడిగితే సూపర్‌వైజర్ భాస్కర్ నమ్మలేదు. ఫొటోలో ఏమన్నా కనబడితే కింద పని, లేదంటే మెట్లెక్కాలి, ఎక్కనంటే పని మానుకోవాలి అన్నాడు. తన కళ్లతో చూస్తానని తనే బండి మీద తీసుకొచ్చాడు.

స్రవంతి ఎప్పటిలాగే ఆమెను బల్ల మీద పడుకోబెట్టి తీసింది. అక్కడ అందరికీ అట్లనే తీస్తారు, తొందరగా అయిపోతుందని. కొత్తగా తెచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాం ఆ ఫొటో చూసి నొప్పి ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. సాయంత్రం డాక్టర్ వచ్చేదాకా అది చెప్పిందే తీర్పు. తెర మీద ఆకుపచ్చ గీత పడింది. నొప్పి ఉండే అవకాశం చాలా తక్కువట.

భాస్కర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూసినవా మొగిలక్కా? మిషన్‌కు గూడ నీ సంగతి తెలిసిపోయింది. రేపటి సంది నాలుగో అంతస్తు నీదే."

మొగిలమ్మ పళ్లు బిగబట్టి బల్ల దిగింది. "గా మిషన్ ఎన్నడన్న మెట్లెక్కిందా సార్?"

"నోరు మంచిగనే లేస్తాంది. కాలే లేస్తలేదట!"

"నోటితోని ఎక్కేదుంటే నాలుగేంది, పదంతస్తులు ఎక్కుదును." ఆమె స్రవంతి వైపు తిరిగింది. "బిడ్డా, పండుకుంటే నాకేం నొయ్యది. నిలబడితేనే నొస్తది. పండవెట్టి ఫొటో దీసి నొప్పి లేదంటే ఎట్ల? నిలవెట్టి తియ్యి."

స్రవంతికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. కోర్సులో సార్ చెప్పింది అదే. ఒంటి బరువు పడితేనే మోకాలి ఎముకల మధ్య సందు ఎంత మిగిలిందో తెలుస్తుంది. ప్రోగ్రాంతో వచ్చిన పుస్తకం మొదటి పేజీలోనూ అదే ఉంది. చదివి కూడా ఊరుకుంది. ఊరి బడిలో నేర్చుకున్న అలవాటు, అడిగితే తప్ప నోరు విప్పకపోవడం.

ఆమె గోడకున్న స్టాండు ముందు నుంచి అట్టపెట్టెలు జరపడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు ఓనర్ సదానందం వచ్చాడు.

"ఒక్క మనిషికి రెండు ఫొటోలా? ఎవరు తియ్యమన్నరు?"

"ఎవరూ అనలె సార్. మొదటిది తప్పు తీసిన."

"అంటే ఇన్నొద్దుల సంది తీసినయన్నీ తప్పేనా?"

"మోకాళ్లవి అయితే, అవు సార్."

సదానందం నోరు తెరిచేలోపే స్రవంతి తలుపు పట్టుకుంది. "ఇద్దరు జర బయట నిలబడండ్రి సార్. మీద కిరణాలు పడతయ్."

ఇద్దరూ గబగబా బయటికి నడిచారు. మొగిలమ్మకు నవ్వాగలేదు. స్టాండు ముందు రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి, "రెండు బకెట్ల నీళ్లు గూడ చేతికియ్యి బిడ్డా, అసలు సంగతి దెలుస్తది" అంది.

"వద్దక్కా. నీ బరువు చాలు. కదలకు."

ఈసారి ఫొటోలో మోకాలి లోపలి వైపు ఎముకలు ఒకదానికొకటి ఆనుకునేదాకా వచ్చాయి. ఆకుపచ్చ గీత నారింజ రంగుకు మారింది, నొప్పి ఉండే అవకాశం ఎక్కువట.

"గిది వేరేవాళ్ల మోకాలేమో," అన్నాడు భాస్కర్.

మొగిలమ్మ చీర అంచు కొంచెం ఎత్తింది. "ఇగో, నీ ముందలనే ఉన్నది. దాన్నే అడుగు. ఇంకో మాట ఇను సార్. గా గీత పచ్చగనే ఉన్నా నేను మెట్లెక్కకపోదును."

భాస్కర్ ఫోన్ తీసి హాస్టల్‌కు చెప్పాడు, రేపటి నుంచి మొగిలమ్మకు కింది అంతస్తని. స్రవంతి రిపోర్టు మీద 'నిలబెట్టి తీసినది' అని రాసి, కింద తన పేరు పెట్టింది.

"రేపటి సంది మళ్ల పండవెట్టే తియ్యి," అన్నాడు సదానందం. "బయట జనం లైన్ కట్టిన్రు."

తర్వాత మోకాలి ఫొటోకు వచ్చిన ముసలామె అలవాటుగా బల్ల ఎక్కబోయింది.

"దిగు పెద్దమ్మా," అంది స్రవంతి, తలుపు అవతలికి కూడా వినబడేలా. "ఇటొచ్చి నిలబడు."