సోమవారం షట్టరు

శ్రీవిద్య ఎవరిదో పట్టు జాకెట్టుకి హుక్కులు కుడుతుండగా వచ్చింది ఆ నోటీసు. పార్సిప్పనీ పక్క ఊళ్ళో, నాలుగు పాత షాపుల వరసలో ఆమె టైలరింగ్ కొట్టు చివరిది. ఆ వరస మొత్తాన్నీ 'రీడెవలప్‌మెంట్ అవసరమైన ప్రాంతం'గా ప్రకటించాలని టౌన్ మునిసిపాలిటీ వాళ్ళు అనుకుంటున్నారట, అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమంటున్నారు. ప్రకటించారంటే రేపోమాపో కూల్చి అపార్ట్‌మెంట్లు కడతారు. నోటీసుతో వచ్చిన సర్వే రిపోర్టులో ఆమె కొట్టు ఫొటో ఉంది, షట్టరు దించి. కింద 'ఖాళీ, వాడకంలో లేదు' అని రాశారు.

పదకొండేళ్ళుగా నడుస్తున్న కొట్టు మరి. తేదీలు చూస్తే, సర్వే చేసినాయన వచ్చిన రెండుసార్లూ సోమవారమే. సోమవారం అత్తగారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి, దార్లో వారానికి సరిపడా కూరలు తేవాలి, ఇంటికొచ్చి ఆవిడ మోకాళ్ళకి కాపడం పెట్టాలి. "నీదేముంది, సొంత షాపు, ఎప్పుడైనా మూసుకోవచ్చు," అన్నాడు రెండేళ్ళ క్రితం మొగుడు శశికాంత్. ఆయన ఆఫీసు మాత్రం మూసుకునేది కాదు పాపం. క్షణం తీరిక లేని రోజే కాగితం మీద ఖాళీ అయి కూర్చుందని శ్రీవిద్యకి ఒళ్ళు మండింది.

"వాళ్ళు ఆల్రెడీ డిసైడ్ అయ్యుంటారు. నువ్వు మాట్లాడి పరువు తీయకు," అన్నాడు శశికాంత్, టౌన్ బోర్డు హియరింగ్‌కి వెళ్తుంటే కార్లో.

పేరు పిలిచారు. మైకు ముందుకెళ్ళి సోమవారాల సంగతి మొదలెట్టింది. సగం చెప్పిందో లేదో శశికాంత్ లేచాడు. "యాక్చువల్లీ, మా వైఫ్ చెప్పేదేంటంటే..."

"సార్, కూర్చోండి. ఇప్పుడు ఆవిడ మాట్లాడుతున్నారు," అన్నాడు చైర్మన్.

శశికాంత్ కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు. బోర్డు మెంబర్లు ఏడుగురూ ఆమె వంకే చూస్తున్నారు. పక్కన టైపు చేసే అమ్మాయి, ఆమె ఆగితే ఆగి, మొదలెడితే మొదలెట్టి, అత్తగారి మోకాళ్ళూ కూరలూ కాపడమూ ఒక్క ముక్క వదలకుండా ఎక్కిస్తోంది. ఇంట్లో వంటగది గుమ్మం దాటని మాటలు, ఇక్కడ టౌన్ రికార్డులోకి వెళ్తున్నాయి. తన మాటకి ఇంత విలువుందా అని శ్రీవిద్యకి అబ్బురమనిపించింది.

"మళ్ళీ సర్వే చేయించాకే నిర్ణయిద్దాం. ఏ రోజు రమ్మంటారు?" అడిగాడు చైర్మన్.

"సోమవారమే రమ్మనండి. ఇకనుంచి తెరిచే ఉంటుంది."

తిరిగొస్తుంటే సిగ్నల్ దగ్గర శశికాంత్ మెల్లిగా అడిగాడు. "మరి సోమవారం అమ్మని ఎవరు తీసుకెళ్తారు?"

"మీరేనండీ," అంది శ్రీవిద్య. "నేను షాపులో ఉంటానని రికార్డుకెక్కిపోయింది."