నా ఫోనుకు వంతు

“నీ ఫోన్ కాసేపు ఆపు. నా మీటింగ్ తెగిపోతోంది.”

ఈ మాట ఆయన తల తిప్పకుండానే అంటారు. నేను కూర కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, నా ఫోన్లో నెట్ ఆపేస్తాను. అబ్బాయి క్లాసుకీ అంతే, అత్తయ్య టీవీలో భజనకీ అంతే.

ఇంట్లో నెట్ పెట్టించిన రోజు అత్తయ్యే అడిగింది, కనపడని తీగ మీద ఇంతమంది ఎలా మాట్లాడతారని. వచ్చిన మెకానిక్ నవ్వి చెప్పాడు. “అందరూ ఒకేసారి మాట్లాడితే ఏదీ వినపడదు మామ్మగారూ. అందుకే ప్రతి ఫోనూ ముందు చెవొగ్గి వింటుంది. ఎవరూ మాట్లాడటం లేదనుకుంటేనే నోరు విప్పుతుంది. రెండు ఢీకొన్నాయా, కాసేపు ఆగి మళ్ళీ మొదలెడతాయి.”

“వినడం, ఆగడం! అచ్చం మా కోడలే!” అంది అత్తయ్య. అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

“ఆగేది రెండూనా?” అని అడిగాను.

“రెండూనమ్మా. ఎప్పుడూ ఒకటే ఆగితే దాని వంతు ఎప్పటికొస్తుంది?”

తర్వాత ఆయన గోడకు బిగించిన ఆ నెట్ పెట్టెలో ఎవరికి ముందు అందాలో వరస పెట్టించారు. ముందు తన ల్యాప్‌టాప్, తర్వాత అబ్బాయిది, ఆ తర్వాత టీవీ. “మరి అమ్మగారి ఫోన్?” అన్నాడు మెకానిక్. “దానికేం తొందర? మిగిలితే వస్తుందిలే” అన్నారాయన. నాకూ తప్పనిపించలేదు. అన్నం దగ్గరా నాది మిగిలితేనే కదా.

మా అక్కకు గొంతులో రాచపుండు. స్వరపేటిక తీసేస్తే తప్ప బతకదన్నారు. ఆపరేషన్ ముందురోజు తనే కబురు పెట్టింది: “సాయంత్రం వీడియోలోకి వస్తా. చివరిసారి నా గొంతుతో నిన్ను తిట్టుకోనీ.” ఆస్పత్రి గదిలో మామూలు ఫోన్ పలకదు, నెట్ మీదే మాట్లాడాలి. వంట ముందే ముగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నాను.

అక్క కనపడింది. జుట్టు చెదిరిపోయి ఉంది. “ఒసే మొద్దూ, నీకో మాట చెప్పాలే...” అంది. అంతే. నోరు తెరుచుకున్నట్టే బొమ్మ ఆగిపోయింది. పరుగున ఆయన దగ్గరికెళ్ళి, “ఒక్క నిమిషం మీది ఆపరా? అక్క...” అన్నాను. ఆయన స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా ఒక వేలు ఎత్తారు. ఆగమని. నేను ఆగాను. అలవాటు అలాంటిది. నా చేత్తోనే నెట్ ఆపేశాను కూడా. ఆయన మీటింగ్ అయ్యాక మళ్ళీ చేస్తే, నిద్రమందు ఇచ్చేశామంది నర్సమ్మ.

అక్క బతికింది. అందుకు దేవుడికి రోజూ మొక్కుతాను. మొక్కుతూనే అడుగుతాను, ఇందరి మొరలు నువ్వు ఒకేసారి వింటావు కదా స్వామీ, నలుగురున్న ఇంట్లో నా ఒక్కదాని మాటకే చోటు చాలలేదా అని. ఆ రోజు ఏం చెప్పబోయావే అని అక్కని అడిగాను. కాగితం మీద రాసి చూపించింది: “గుర్తులేదే.” ఆ మాట నిజమో, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక రాసిందో. అప్పట్నించీ తీరిక దొరికితే వీడియోలో ఒకరినొకరం చూసుకుంటూ కూర్చుంటాం.

నిన్న సాయంత్రం అక్క రాగానే బొమ్మ తడబడింది. లోపల్నించి ఆయన, “నీ ఫోన్ ఆపవోయ్! అయినా మాట్లాడలేని మనిషితో వీడియో ఏమిటి?” అన్నారు.

నా వేలు అలవాటుగా కదిలింది. స్క్రీన్ మీద అక్క మెడకు కట్టిన తెల్లటి గుడ్డ కనపడింది. వేలు వెనక్కి తీసుకున్నాను. లేచి వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడ్డాను.

“అక్క మాట్లాడగలిగినప్పుడు నేనాగాను. ఇవాళ మీరాగండి.”