ఆరు చొక్కాల కాపలా

నేను ఒక ఫిరంగిని. ముప్పై ఏళ్లుగా నాలో ఒక సందేహం ఉండిపోయింది. నాకు భయపడి శత్రువులు రాలేదా, లేక ఈ దీవి ఎవరికీ అక్కరలేదా?

కార్ఖానాలో పోతపోసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి నన్ను ఓడ ఎక్కించారు. మూడు రోజులు సముద్రం దాటించి ఈ కొండకొమ్మున నిలిపారు. "నువ్వు పేలనక్కర్లేదు, కనబడితే చాలు" అన్నాడు మొదటి అధికారి. దేవుణ్ణి కూడా చాలామంది అందుకే గుళ్లో నిలుపుకుంటారు కదా!

మొదట్లో ఆరుగురు సైనికులుండేవారు. ఏటేటా రక్షణ ఖర్చు తగ్గించారు. ముందు తూటాలు రావడం ఆగింది, తర్వాత గ్రీజు, ఆపైన మనుషులు. చివరికి శ్రీకాకుళం హవల్దారు దండాసి ఒక్కడే మిగిలాడు. దూరపు ఓడలవాళ్లు దుర్భిణీతో చూస్తే ఇంకా ఆరుగురున్నారనుకోవాలని, రోజూ పొద్దున్నే ఆరు చొక్కాలు తడిపి తాడుమీద ఆరేసేవాడు. నా గొట్టాన్ని రోజుకో దిక్కుకు తిప్పేవాడు.

ఉప్పుగాలికి నేను తుప్పుపడుతుంటే, రేవులో చేపలమ్మే నీలాచలమ్మ డబ్బాడు కొబ్బరినూనె ఇచ్చింది. గ్రీజు రాగానే తిరిగిచ్చేస్తానన్నాడు దండాసి. పన్నెండేళ్లు గడిచాయి.

"ఏటి తమ్ముడూ, నీ గ్రీజింకా ఓడెక్కనేదేటి?"

"ఎక్కినాదప్పా, మజ్జిలో దిగి ఈదుకుంటూ వస్తంది."

ఈ ఏడు ఉత్తరం వచ్చింది. తనిఖీనాడు ఫిరంగి పేలితే ఈ సైనిక ఠాణా ఉంటుంది, లేకపోతే మూసేస్తారు. మిగిలింది చప్పుడు మాత్రమే చేసే తూటా ఒక్కటి. దాన్ని దేవుడి పటం కింద పెట్టెలో దాచాడు దండాసి.

తనిఖీకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, వాన తెరకట్టినట్టు దిగింది. నీలాచలమ్మ తడుస్తూ కొండెక్కింది.

"తమ్ముడూ, మీ బావ పడవ సంద్రంలోనే ఉండిపోనాది. ఒడ్డెటో ఆడికి తెలీదు!"

దండాసి తాడుమీది చొక్కాలను చూశాడు. పటానికి దండం పెట్టుకున్నాడు. పెట్టె తెరిచాడు.

"సెవులు మూసుకో అప్పా."

సాధనకు కాక, పనికోసం పేలడం నాకదే మొదటిసారి. కొండంతా అదిరింది. గంట గడిచాక వానలోంచి పడవ ముక్కు కనబడింది.

తనిఖీవాళ్లు వచ్చి ఠాణా మూసేశారు. మోసుకెళ్లడం దండగని నన్నిక్కడే వదిలేశారు. ఎవరైనా నాకు భయపడ్డారో లేదో ఆ భగవంతుడికే తెలియాలి.

ఓడెక్కే ముందు దండాసి తల దించుకున్నాడు. "నీ నూనె ఇవ్వనేకపోనానప్పా."

నీలాచలమ్మ నా గొట్టం మీద చెయ్యి వేసింది.

"నీకేటి బాకీ? ఇది ఆ వాననాడే తీర్చీసినాది."