సాలి హోటల్ ముందు వేపమండలు

రెండో బస్సు కూడా ఆగలేదు.

మలుపు దగ్గర బ్రేకు కీచుమంది. చింతచెట్ల సందులోంచి బస్సు టాపు మీది సామాను కూడా కనిపించింది. అంతలోనే డ్రైవరు గేరు మార్చి, ఎవరో తరుముతున్నట్టు హారను కొట్టుకుంటూ పెద్దవూర వైపు వెళ్ళిపోయాడు.

పొయ్యి ముందు కూర్చున్న సాలి చేతిలో జొన్నపిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఆగిండు. మల్లెందుకు పోయిండు?" అంది మొగుడితో.

ఫూల్‌సింగ్ నీళ్ళ బిందె దించి రోడ్డు వైపు తొంగి చూశాడు. గుడిసె హోటలు నుంచి బస్సుల టాపులు తప్ప రోడ్డు కనబడదు. కల్వర్టు దాటి, చింతచెట్లు చుట్టి, బండ్లబాట మీద లోపలికి రావాలి. హోటలుకూ, దాన్ని ఆనుకున్న తండాకూ ఉన్నది ఆ ఒక్క బాటే. వెనకంతా కొత్తగా నాటేసిన వరిమడులు, మోకాలి లోతు బురద.

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తి అప్పటికి వారమైంది. విజయవాడ నుంచి కోదాడ మీదుగా, హైదరాబాదు నుంచి నల్లగొండ మీదుగా, సూర్యాపేట నుంచి పెళ్ళి బస్సులు మాట్లాడుకుని మరీ జనం వచ్చి పడుతున్నారు. కృష్ణ తెల్లగా దూకుతుంటే చూడాలని అందరికీ ఒకేసారి కోరిక పుడుతుంది. ఆ కోరికకు ఆయుష్షు తక్కువ. గేట్లు దించగానే రోడ్డు మళ్ళీ ఎడ్లబండ్లదే.

అలాంటి ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి, సాలి హోటల్లో ఒకే ఒక్క మనిషి తింటున్నాడు.

అతను వెంకటేశం. కోదాడలో టూరిస్టు బస్సుల ఏజెంటు. ఏ బస్సు ఎక్కడ ఆగాలో, ఏ హోటల్లో తినాలో డ్రైవర్లకు చెప్పేది అతనే. మొదటిసారి సాలి పొయ్యి ముందుకు బస్సు తెచ్చిందీ అతనే. అందుకే డ్రైవర్ల మూలలో, గోడ వారగా వేసిన నవారు మంచం మీద, అతనికి ఎప్పుడూ ఉచిత భోజనమే. డ్రైవరుకూ ఏజెంటుకూ బిల్లు వెయ్యకపోవడం ఆ రోడ్డు మీది ప్రతి హోటలూ పాటించే మర్యాద.

"ఏందన్నా, నడిసొచ్చినవ్? బండేది?" అని వచ్చీ రాగానే అడిగింది సాలి.

"రోడ్డు మీద పెట్టానమ్మా. నడవమన్నాడు డాక్టరు, పొట్ట తగ్గాలంట" అంటూనే నాటుకోడి కూరలోకి ఇంకో రొట్టె అడిగాడు.

"పొట్ట తగ్గనీకి గిన్ని రొట్టెలా అన్నా!"

"నీ రొట్టె ముందు డాక్టరు మాట ఎవడు వింటాడు చెల్లెమ్మా?"

పక్కన రొట్టెలు కొడుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఒకప్పుడు వాళ్ళంతా ఈ రోడ్డుకే కంకర కొట్టినవాళ్ళు. ఎండలో కూర్చుని రాయి పగలగొట్టి, ముక్కుల్లోకి తారు పొగ పీల్చి వేసిన రోడ్డు. ఇప్పుడు దాని మీద పోయేవాళ్ళకు వాళ్ళే అన్నం పెడుతున్నారు. బస్సు దిగిన జనం ముందు అద్దాల రవికలు వేసుకుని, తల పైకెత్తి వడ్డిస్తారు. "ఇంకో రొట్టె తినుండ్రి, సాగర్ల నీళ్ళు యాడికి పోవు" అని దబాయిస్తారు కూడా.

ఆ రోజు మధ్యాహ్నం లోపల హైదరాబాదు నుంచి టూరిజం ఆఫీసరు మేడం వస్తోంది. సాగర్ చూపించే సర్కారు బస్సులు దారిలో ఒక్కచోటే ఆగాలని, అక్కడ బోర్డు పెట్టి, బోరు వేయించి, మరుగుదొడ్లు కట్టించాలని పైనుంచి నిర్ణయమైంది. చివరికి మిగిలినవి రెండే పేర్లు. ఒకటి మిర్యాలగూడలో గౌరయ్య హోటలు. రెండోది తండా ఆడవాళ్ళంతా కలిసి నడిపే సాలి హోటలు. బోర్డు వస్తే, గేట్లు దించాక కూడా తండాలో పొయ్యి మండుతుంది. రాకపోతే మళ్ళీ సుత్తి పట్టుకోవడమే. మేడం వచ్చేసరికి హోటలు జనంతో కళకళలాడాలని సాలి తెల్లవారకముందే పిండి విసిరించింది.

మూడో బస్సు వచ్చింది. ఆగింది. వెళ్ళిపోయింది.

"గాబరా పడకమ్మా. జనం నీళ్ళు చూసే తొందరలో ఉన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆగుతారులే" అన్నాడు వెంకటేశం, ఎముక చీకుతూ.

"ఆకలి నీళ్ళు జూస్తే తీరుతదా? పోయి సూడు" అంది సాలి మొగుడితో.

ఫూల్‌సింగ్ వెళ్ళాడు. వెళ్ళినంత సేపు పట్టలేదు, పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బాటకు అడ్డంగ ఏపమండల దండ కట్టిండ్రు. కింద పసుపు కుండ, నిమ్మకాయలు."

రొట్టెలు కొట్టే చేతులన్నీ ఆగిపోయాయి.

ఆ దండకు అర్థం ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. లోపల అమ్మవారు పోసింది, ఒళ్ళంతా పొక్కులు, బయటివాళ్ళు దాటొద్దు అని. ఎంత ఆకలేసినా డ్రైవరెవడూ ఆ దండ దాటి బస్సు పోనివ్వడు. దాటితే అమ్మవారు వెంట వచ్చి తన ఇంట్లో కూర్చుంటుందని భయం.

"అమ్మవారా?" వెంకటేశం మంచం మీద నుంచి ఎగిరిపడ్డాడు. "ముందే చెప్పొద్దా చెల్లెమ్మా? ఇంట్లో చిన్నపిల్లలున్నవాణ్ణి!" చేయి కూడా సరిగ్గా కడుక్కోకుండా గబగబా రోడ్డు వైపు నడిచాడు.

సాలి తండా మొత్తం తిరిగింది. గడపగడపకూ వెళ్ళి పిల్లల నుదుళ్ళు పట్టి చూసింది. ఎవరికీ జ్వరం లేదు, ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. ఆఖరికి అత్త చాందీ ముందు నిలబడింది. తండాలో అమ్మవారి పనులన్నీ ఆ ముసలామె చేతి మీదే జరుగుతాయి.

"నేను కట్టలే" అంది చాందీ. "మన తండాల నేను కట్టకుంట ఎవరు కడ్తరు?"

"అయితే తెంపేస్త."

"ముట్టకు!" ముసలామె గొంతు ఖంగుమంది. "అబద్ధంగ కట్టినా గది అమ్మవారి దండ. కట్టిన చెయ్యే ఇప్పాలె. ఇంకో చెయ్యి పడొద్దు."

అప్పుడే కల్వర్టు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది.

సాలి పరుగున వెళ్ళేసరికి దండకు అవతల మేడం నిలబడి ఉంది. నూలు చీర, చేతిలో గొడుగు. పక్కన బొజ్జ మీద కండువా సర్దుకుంటూ గౌరయ్య. రేపు ఎవరూ చాటుమాటు వ్యవహారమనకుండా అతన్ని కూడా మేడమే వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళిద్దరి వెనక, తన స్కూటరుకు ఆనుకుని వెంకటేశం.

"పాపం మేడం, రోగం ఎవరి తప్పూ కాదు" అంటున్నాడతను. "అయినా టూరిస్టులకు అన్నం పెట్టే చోటు కదా. బోర్డు పెట్టాక ఇలాంటిది జరిగితే మీ మీదికొస్తుంది. ఈ సంవత్సరానికి వీళ్ళను వదిలేయండి. వీళ్ళకు బస్సుల సంగతి నేను చూసుకుంటానుగా, ఎప్పటిలాగా."

మేడం సాలిని చూసింది. "మీరేనా సాలి? నిజం చెప్పండి. లోపల ఎవరికైనా అమ్మవారు పోసిందా?"

"ఎవ్వరికి లేదు మేడం. మీ డాక్టరును పిలిపియ్యుండ్రి. తండా మొత్తం సూపిస్త."

"మరి ఈ దండ?"

"మేం కట్టలే."

"ఆ మాట కాగితం మీద ఎలా రాయమంటారు?" మేడం గొంతులో కోపం లేదు, విసుగూ లేదు. అదే సాలికి ఎక్కువ భయం పుట్టించింది. "ఇది చూశాక కూడా ఇక్కడ బస్సులు ఆపమని నేను సిఫారసు చేయలేను."

జీపు డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. వరిమడుల మీద నుంచి గాలి తిరిగింది. గుడిసె వైపు నుంచి ఎండుమిరపకాయ, వెల్లుల్లి ఘాటు వచ్చి అందరి ముక్కులకూ తగిలింది.

గౌరయ్య గట్టిగా తుమ్మాడు. తుమ్మి, ఆగి, మళ్ళీ గాలి పీల్చాడు.

"ఆగుండ్రి మేడం. పప్పుల తాలింపు పెట్టిండ్రు."

"పెడితే?"

"అమ్మవారు పోసిన ఇంట్ల తాలింపు పెడ్తరా? నూనె చుయ్యిమంటే తల్లికి కోపమొస్తదని ఇంటి చుట్టుపక్కలోళ్ళు గూడ పెట్టరు. నా హోటల్ల వంటమనిషి కొడుక్కు పోసినప్పుడు అమ్మవారు దిగేదాంక పోపు గిన్నె ముట్టనియ్యలే, నా గిరాకీ ఖతమైనా సరే." కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "గీ దండ దొంగది. లోపల జబ్బు లేదు, గిబ్బు లేదు."

సాలి ఆశ్చర్యంగా చూసింది. అతను మొహం ముడుచుకున్నాడు.

"గట్ల సూడకు. నీతోని కొట్లాడితే పొయ్యి మీద కొట్లాడ్త. ఏపమండలతోని గెలిస్తే గౌరయ్య గెలిచినట్టా?"

మేడం చెయ్యెత్తి ఇంజను ఆపించింది. "మీ ఇద్దరినీ ఒక ప్రశ్న అడగాలనుకున్నాను. ఇక్కడే అడుగుతాను. గేట్లు ఎత్తినప్పుడు జనం విరగబడతారు. అప్పుడు భోజనం ధర ఏం చేస్తారు?"

"గేట్లు లేస్తే రేటు గూడ లేస్తది" అన్నాడు గౌరయ్య. "నీళ్ళున్నప్పుడే కదా చేపలు పట్టాలె. అందరు చేసేదే."

"నేను లేపను మేడం" అంది సాలి.

"లాభం వదులుకుంటారా?"

"ఇడుసుడు గాదు. గేట్లు దించినంక గూడ నాకు పొయ్యి ఉండాలె. ఇయ్యాల ఆకలిగొన్నోని గల్ల పట్టి గుంజుకుంటె, ఎండకాలం ఏ డ్రైవరు గీడ బ్రేకు తొక్కుతడు? గేట్లు మూసినప్పుడు నాగార్జునకొండ సూడనీకి వచ్చే బడిపిల్లల బస్సు గూడ గీడనే ఆగుతది. ఎందుకంటె రేటు ఎప్పుడైనా ఒక్కటే అని ఆళ్ళకు ఎరుక. మేం రాళ్ళు కొట్టి రోడ్డేసినోళ్ళం. ఒక్క వానకు కొట్టుకపోయే పని మాకు రాదు."

మేడం గొడుగు మూసింది. దండకు వెనకగా వచ్చి నిలబడిన తండా ఆడవాళ్ళ అద్దాల రవికల మీద ఎండ తళుక్కుమంది.

"సరే" అంది మేడం. "దండ దొంగదైతే, కట్టిందెవరు?"

అందరి చూపులూ గౌరయ్య మీదికి తిరిగాయి.

"నన్నెందుకు జూస్తుండ్రు? దొంగదని చెప్పిందే నేను!"

"అలా చెప్తే అనుమానం పోతుందని చెప్పాడేమో" అన్నాడు వెంకటేశం మెల్లగా. "పోటీ ఉన్నవాడికే కదా మేడం అవసరం. నేను బయటివాణ్ణి, నాకెందుకుగానీ."

"నోరు మూస్తవా?" గౌరయ్య అతని మీదికి వెళ్ళబోయాడు. జీపు డ్రైవరు అడ్డుపడ్డాడు.

సాలి అటు చూడలేదు. ఆమె చూపు రోడ్డు పక్కన ఆగిన స్కూటరు మీదే నిలిచింది. దాన్నుంచి పసుపు కుండ మీదికి, కుండ నుంచి వెంకటేశం కాళ్ళ మీదికి వచ్చింది. తెల్లటి చెప్పులు. ఎక్కడా బురద లేదు.

"మేడం, ఒక్క మాట" అంది. "బోర్డు పెట్టినంక మీ బస్సులు ఆగాలంటె ఎవలనన్న అడగాల్నా?"

"ఎవరినీ అడగక్కరలేదు. బోర్డు ఉన్నచోట బస్సు ఆగి తీరాలి. మధ్యలో ఎవరి పెత్తనమూ ఉండదు."

"గదీ. బోర్డొస్తే పెత్తనం పోయెటోనికి గూడ గీ దండ అవసరమే." సాలి దండ దగ్గరికి వచ్చి నిలబడింది, ముట్టకుండా. "పొద్దు పొడిసినప్పటి సంది గీ రోడ్డు మీద ఒక్క మనిషి గూడ దీన్ని దాటలే. మూడు బస్సుల డ్రైవర్లు దాటలే. మీరు దాటలే. గౌరయ్యపటేలు గూడ అవతల్నే ఉన్నడు. ఎందుకు? దండ నిజమనుకున్నరు గనుక. దాన్ని జూసి గూడ భయపడకుంట లోపలికి వచ్చేటోడు ఎవడు? అబద్ధమని ముందే తెలిసినోడు."

వెంకటేశం స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఒక్కడు వచ్చిండు మేడం. ఎనక బురదల నుంచి రాలే, చెప్పులు సూడుండ్రి. గీ బాటనే వచ్చిండు, గీ దండ కింది నుంచే దూరిండు. రోజు బండిని నా పొయ్యి దాంక తెచ్చి హారను కొట్టెటోడు, ఇయ్యాల రోడ్డు మీద ఇడిసిపెట్టి నడిసొచ్చిండు. బండి దండ కింద పట్టదు గదా! వచ్చి, మంచం మీద కూసొని, కూర మల్ల మల్ల ఏయించుకొని తిన్నడు. అమ్మవారి మాట నా నోట వినంగనే ఉలిక్కిపడి ఉరికిండు."

"నేను... నేను చూసుకోలేదు చెల్లెమ్మా. తల దించుకుని నడుస్తూ..."

"తల దించుకుంటే కాళ్ళ ముందటి పసుపు కుండ కనబడలేదా?" అన్నాడు గౌరయ్య. తర్వాత ఆపుకోలేక గట్టిగా నవ్వాడు. "ఓరి నీ పాడుగాను! బస్సులన్నిటిని ఆపి, నోరు ఆపుకోలేకపోయినవారా? నా హోటల్ల అయితే తినకుంటనే పోతుంటివి. ఏం పెట్టినవమ్మా ఆ కూరల?"

"ఏం పెడ్త పటేలా? అందరికి పెట్టేదే" అంది సాలి. వెనకనుంచి చాందీ వచ్చి కోడలి పక్కన నిలబడింది. రోడ్డు మీద నాలుగో బస్సు వేగం తగ్గించింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి.

"మొదటి బస్సు నువ్వే తెచ్చినవ్. గా మేలు నేను మర్వలే. గందుకే ఇన్నేండ్లు నీకు ఇస్తరాకు ఏసిన, రేపొచ్చినా ఏస్త" అంది సాలి. "కని మా అత్త చెప్పింది, కట్టిన చెయ్యే ఇప్పాలెనని. బస్సు వచ్చింది, లోపల రొట్టెలు సల్లారుతున్నయి. రా, నీ చేతితోనే ఇప్పు, వెంకటేశమన్నా!"