మోచేత్తో మూసిన తలుపు

నేను ఒక కొక్కేన్ని. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు అంచున, లోపలికి నాలుక చాపినట్టుండే నల్లటి ప్లాస్టిక్ ముక్కని. పైన ఒకటి, కింద ఒకటి రెండు వంకీలు, వెనక చిన్న స్ప్రింగు. ఏదో ఫ్యాక్టరీ అచ్చులో, నాలాంటి వందల ముక్కలతో కలిసి పుట్టాను. నా రెండు వంకీలూ టక్కున పడితే తప్ప ఓవెన్ తిరగదు. ఆ సంగతి తలుచుకుని చాలాకాలం గర్వపడ్డాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

కాకినాడలో హైమవతి అనే ఇల్లాలి వంటింట్లో ఆరేళ్లు పనిచేశాను. మంచి మనిషి. పనిమనిషి నూకరత్నం చల్లటి అన్నం తినడం చూడలేక, "ఓవెన్‌లో పెట్టుకోవే, అరిగిపోదులే" అంది మొదటి వారంలోనే. ఆ మాట అపార్ట్‌మెంటులో నలుగురికీ చెప్పుకుంది కూడా. "మా ఇంట్లో ఆ తేడాల్లేవండీ."

లేవు. కాకపోతే నూకరత్నం చేపలపులుసు వేడిచేసుకుని వెళ్లాక, హైమవతి తలుపు తీయడానికి చీరచెంగు అడ్డం పెట్టుకునేది. మూసేటప్పుడు చేయి తగలకుండా, కింది మూలన మోచేత్తో ఒక్క పోటు పొడిచేది. నూకరత్నం మాత్రం తడిచేతులు తుడుచుకుని, పసిపిల్లని పడుకోబెట్టినంత మెల్లిగా మూసేది.

ఒకరోజు పాలగిన్నె లోపల పెట్టి ఆవిడ పొడిచిన పోటుకి నా కింది వంకీ విరిగింది. చిటుక్కుమన్న చప్పుడు ఆవిడకీ వినపడింది. అయినా అంట్లు తోముతున్న నూకరత్నం వైపు తిరిగింది.

"నిన్న తలుపు ఎలా వేశావే?"

"మెల్లిగానే ఏసేనండి అమ్మగారూ."

"మెల్లిగా వేస్తే విరుగుతుందా?"

"నేనిరగ్గొడితే ఇరగ్గొట్టేనని సెప్పనాండి? ఎందుకు దాత్తాను?"

"పైగా అబద్ధం. అబద్ధాలాడే మనిషి నాకొద్దు. నెలాఖరుకి మానెయ్."

ఆదివారం ఆవిడ భర్త చలపతి కొత్త కొక్కెం కొనుక్కొచ్చాడు. ప్లగ్గు పీకి, పాత చాకు మొనతో తలుపు లోపలి చట్రం ఊడదీసి, నన్ను లాగేశాడు. నా స్ప్రింగు తీసి కొత్తదానికి తగిలించి, చట్రం నొక్కి బిగించాడు.

"హైమా, ఒకసారి వేసి చూడు."

ఆవిడ రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. అలవాటు ఆగుతుందా? కింది మూలన మోచేత్తో ఠపీమని పొడిచింది.

చలపతి అరచేతిలో ఉన్న నన్ను చూశాడు. పై వంకీ నిక్షేపంలా ఉంది. కిందిదే లేదు.

"రోజూ ఇలాగేనా వేస్తావు? చేతికేమైంది?" అని అమాయకంగా అడిగాడు.

ఆవిడ ముఖం ఎర్రబడింది. సింకు దగ్గర గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నూకరత్నం వెనక్కి తిరగలేదు. కొళాయి పెద్దగా తిప్పింది.

హైమవతి, "నెలాఖరు మాట మర్చిపో రత్నం" అంది.

"సరేనండి."

తప్పు నాది అన్న మాట మాత్రం రాలేదు. మర్నాడు ఆవిడే ఓవెన్ తలుపు ఉత్త చేత్తో తీసి పట్టుకుని, "డబ్బా పెట్టుకోవే" అంది.

"వద్దండి. సల్లగానే బాగుంటాది" అంటూ నూకరత్నం డబ్బా తీసుకుని వెనక బాల్కనీలోకి వెళ్లిపోయింది.

నన్ను ఎందుకో పారేయలేదు. రబ్బరుబ్యాండ్లు, అగ్గిపెట్టెలు ఉండే సొరుగులో పడి ఉన్నాను. సొరుగు తీసినప్పుడల్లా ఆవిడ చూపు నా మీద పడి, చటుక్కున పక్కకి జరుగుతుంది. ఆరేళ్లుగా ప్రతి పోటూ ఎవరిదో నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు కదా అని సరిపెట్టుకుందామనుకుంటాను. నోరున్న ఆవిడ కూడా చెప్పలేదని గుర్తొస్తుంది. పైన కొత్త కొక్కెం మెల్లిగా, చాలా మెల్లిగా పడుతున్న చప్పుడు వినిపిస్తుంది.