సేటు నిద్ర

మరిపెడ చౌరస్తాలో రామలింగం సేటుకు ఎరువుల దుకాణం ఉంది. దాని మీదనే ఇల్లు. పక్క లంబాడీ తండా నుంచి వచ్చే తారి ఆ ఇంట్లో ఏళ్ల తరబడి బోళ్లు తోమింది, వాకిలి ఊడ్చింది. మధ్యాహ్నం సేటు అన్నం తిని పడుకున్నాడంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. ఆయన భార్య కౌసల్య వంటింటి గడపలో నిలబడి పెదవుల మీద వేలు పెట్టి, "తారీ, జర సప్పుడు గాకుండ తోమే" అనేది. తారి గిన్నెల కింద గోనెసంచి పరుచుకొని తోమేది.

అంత భయం ఊరికే కాదు. నిద్ర చెడిందంటే సేటుకు ఎడమ కణతలో పోటు లేచేది. వెలుతురు చూడలేడు, పోపు వాసన కూడా ఓర్వలేడు, తాగిన నీళ్లు కూడా కక్కుకుంటాడు. కిటికీలకు దుప్పట్లు కట్టించుకొని, నొసటికి తడిగుడ్డ చుట్టుకొని, పసిపిల్లవాడిలా మూలిగేవాడు. అప్పుడు తారికి జాలేసేది. ఒకటి రెండుసార్లు తడిగుడ్డ తనే పిండి ఇచ్చింది కూడా.

తారి కొడుకు చందు ఆ సేటు గోదాములోనే బస్తాలు మోసేవాడు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బందు పిలుపు వచ్చిన ప్రతిసారీ పదిమందితో కలిసి బజారంతా తిరిగి దుకాణాలు మూయించేవాడు. ఒకనాడు సొంత యజమాని ముందు కూడా నిలబడి, "షట్టర్ దించు సేటూ, అందరికి ఒక్కటే" అన్నాడు. నలుగురిలో ఆ మాట పడటం రామలింగానికి ముల్లులా గుచ్చుకుంది.

తరువాతి బందులో ఎవరో విసిరిన రాయికి సేటు లారీ అద్దం పగిలింది. ఆ రోజు చందు ఊళ్లోనే లేడు. మానుకోట రైల్‌రోకోకు పోతున్నానని పొద్దున్నే సేటుకు చెప్పే పోయాడు. అయినా పోలీసులు ఎవరి మీద అనుమానమని అడిగితే సేటు నోటి నుంచి వచ్చింది చందు పేరే. జీపు తండాకు వచ్చి అతన్ని ఎత్తుకుపోయింది. బెయిలు మీద ఇంటికి వచ్చేసరికి పోలీసు దెబ్బలకు చందుకు కుడిచెవి వినబడటం లేదు. పేరు చెప్పింది ఎవరో ఠాణాలో ఒక జమాదారు నోరు జారాడు.

తారి సేటు ఇంట్లో పని మానేసింది. ఆనాటి నుంచి ఆమెకు నిద్ర లేదు. కన్ను మూస్తే జీపు చప్పుడు. తెల్లవారేసరికి తల చుట్టూ ఎవరో తాడు కట్టి బిగిస్తున్నట్టు నొప్పి. కిరాణా కొట్లో గోలీలు కొని మింగింది. మొదట్లో ఒకటి సరిపోయేది, తరువాత ఎన్ని మింగినా నొప్పి కదలలేదు. చివరికి సర్కారు దవాఖానకు పోతే డాక్టరమ్మ అంతా విని మెల్లగా చెప్పింది.

"నీ తలలో రోగమేం లేదమ్మా. నిద్ర లేకపోతే నొప్పి వస్తది, నొప్పి ఉంటే నిద్ర రాదు. పైగా ఈ గోలీలు రోజూ మింగితే అవే నొప్పి తెస్తయి. ముందు గోలీలు బందు పెట్టు. మనసుల ఏముందో అది దించుకో. నిద్ర అదే వస్తది."

మనసులో ఏముందో తారికి తెలుసు. తండాకు నడిచివస్తూ దారి పొడుగునా డాక్టరమ్మ మాటే తలచుకుంది. నిద్ర లేకపోతే నొప్పి. అది ఎవరికైనా అంతే కదా! ఎండలో నడుస్తున్న తారికి ఒక్కసారిగా ఒళ్లు తేలికైనట్టు అనిపించింది.

అవి సకల జనుల సమ్మె రోజులు. బళ్లు మూసి పంతుళ్లు కూడా రోడ్డు మీదికి వచ్చారు. ఊరి జేఏసీకి పెద్ద ఆగయ్య సారు. నిరాహార దీక్షల టెంటు బస్టాండు దగ్గర వేద్దామని ఆయన అంటుంటే తారి ముందుకు వచ్చింది.

"బస్టాండు కాడ ఎవలు సూస్తరు సారూ? బస్సులే నడుస్తలేవాయె. చౌరస్తల ఏద్దాం. తండా ఆడోళ్లందర్ని నేను దోల్కొస్త."

"మంచి మాట చెప్పినవ్ తారక్కా" అన్నాడు ఆగయ్య సారు.

టెంటు సరిగ్గా సేటు పడకగది కిటికీ కింద లేచింది. మైకు కట్టే పిల్లవాడు గొట్టాన్ని రోడ్డు వైపు పెడితే తారి దాన్ని పైకి తిప్పించింది. పొద్దున డప్పులు, పగలు ఉపన్యాసాలు, పొద్దుగూకితే బతుకమ్మ ఆటలు. సేటు కునుకు తీసే వేళకు మాత్రం తారి, తుల్సీబాయి, తండా ఆడవాళ్లంతా స్టీలు పళ్లేలు, గరిటెలు పట్టుకొని కూర్చునేవారు. మిగతావాళ్లు తెలంగాణ కోసం కొట్టారు. తారి ఆ కిటికీ కోసం కొట్టింది.

కొద్దిరోజులకే కిటికీకి దుప్పటి వేలాడింది. దాన్ని చూసిన తారి గుండె చల్లబడింది. పక్కనున్న తుల్సీబాయి చెయ్యి నొప్పి పుట్టి పళ్లెం దించబోతే, "కొట్టవే, ఇంకా గట్టిగ కొట్టు" అని గరిటె ఆమె చేతిలో పెట్టింది.

ఒక మధ్యాహ్నం కౌసల్య కిందికి దిగివచ్చింది. ఆమె కళ్ల కింద కూడా నల్లగా ఉంది. తారిని దుకాణం పక్క సందులోకి పిలిచింది.

"నీకెర్కనే గదనే, ఆయినకు నిద్ర లేకుంటే ఎట్లయితదో. నీళ్లు సుత ఇముడ్తలేవ్. గోడకు తల కొట్టుకుంటుండు."

"ఎర్కనే అమ్మా. ఎర్కనే గనుకనే టెంటు ఈడ ఏపిచ్చిన."

కౌసల్య ఒక అడుగు వెనక్కి వేసింది. "మనిషివేనా నువ్వు?" అంది.

"నా కొడుకు పేరు పోలీసోళ్లకు ఎవలు చెప్పిండ్రో పైకి పోయి మీ ఆయిన్ని అడుగు. చందుగానికి కుడిచెవు పోయింది. నేను నిద్రవోయి ఎన్నొద్దులాయెనో నాకే యాదికి లేదు. మీ ఆయిన జీవునం ఒక్కటేనా జీవునం?"

ఆ సంగతి కౌసల్యకు నిజంగానే తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెట్లెక్కిపోయింది. పైన తలుపు దఢాలున పడింది. ఆ తరువాత ఆమె గొంతు వినిపించింది. ఆ ఇంట్లో కౌసల్య గొంతెత్తడం తారి అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

మర్నాడు సేటే దిగాడు. నొసటికి గుడ్డ, గడ్డం మాసిపోయింది, ఎండకు కళ్లు తెరవలేక గోడ పట్టుకొని వచ్చాడు. పళ్లేల మోతకు మనిషి మనిషంతా ముడుచుకుపోతున్నాడు. తారి ముందుకు వచ్చి ఆగాడు.

"ఏం గావాలెనే నీకు? చెప్పు, ఇస్త."

"నువ్విచ్చేది నాకేం వద్దు సేటూ. ఆ మైకు పట్టుకొని నా కొడుకు సంగతి చెప్పు."

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

తారి గరిటెతో పళ్లెం మీద ఒక్కటి వేసింది. సేటు చెవులు మూసుకున్నాడు. ఆయన్నే చూస్తూ ఇంకొకటి వేసింది. మూడోది వేయకముందే ఆయన మైకు దగ్గరికి నడిచాడు.

"చందు రాయి ఏయలే. ఆ దినం ఆడు ఊళ్లె లేడు. నాకెర్కనే. కోపానికి నేనే ఆని పేరు చెప్పిన."

డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. జనంలో గొణుగుడు లేచింది. ఎవరో తిట్టారు, ఎవరో కొట్టడానికి లేచారు. ఆగయ్య సారు అడ్డం పడి సేటును అప్పటికప్పుడే ఠాణాకు నడిపించుకుపోయి అదే మాట అక్కడ కూడా చెప్పించాడు. తిరిగి వచ్చాక సేటు టెంటు దగ్గర ఆగి దీనంగా అడిగాడు.

"చెప్పమన్నది చెప్పిన. ఇగనన్న సప్పుడు ఆపియ్యే తారీ."

"గది నా చేతుల లేదు సేటూ. తెలంగాణ ఇచ్చేదాక ఆగదట" అంది తారి. అని, పళ్లెం తుల్సీబాయి చేతికిచ్చి తండాకు వెళ్లిపోయింది.

ఇంటి ముందు మంచం మీద చందు కూర్చుని ఉన్నాడు. అప్పటికే వార్త అతన్ని చేరింది. తారి అతని ఎడమవైపుకు పోయి కూర్చుంది.

"రాయి ఏసింది నేను గాదని అందరికి ఎర్కైంది, మంచిదే యాడీ" అన్నాడు చందు తల్లితో. "చెవు ఏడికెల్లి తెస్తవ్?"

తారి కొడుకు భుజం నిమిరి లోపలికి పోయి ఒరిగింది. చౌరస్తాలో సేటు చెవులు మూసుకోవడమే తలచుకుంటూ ఎప్పుడు నిద్రపోయిందో తెలియదు. లేచేసరికి తెల్లారి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. తల మీద తాడు లేదు.

సమ్మె ముగిసింది, టెంటు తీసేశారు. చందు మీది కేసు కొట్టేశారు. కొంతకాలానికి రాష్ట్రం కూడా వచ్చింది. తిరిగి పనికి రమ్మని కౌసల్య రెండుసార్లు కబురు పెట్టింది. తారి పోలేదు. పత్తి ఏరుడుకు పోయి బతికింది. కౌసల్య మీద ఆమెకు కోపం లేదు, కానీ ఆ మెట్లు ఎక్కబుద్ధి కాలేదు.

నొప్పి పూర్తిగా వదిలిపోలేదు. చందు చెవిలో హోరు లేచి అతను నిద్రపోలేని రోజుల్లో తారికీ నిద్ర ఉండేది కాదు, తెల్లారితే తల పగిలేది. అప్పుడు తలుపు దగ్గరగా వేసుకొని, గోలీ జోలికి పోకుండా చీకట్లో పడుకునేది. మరిపెడలో సేటుకు కూడా ఈపాటికి కణత పోటు లేచి ఉంటుందా అని ఆలోచించేది. లేవాలని కోరుకునేది. అలా కోరుకుంటూనే కళ్లు మూతపడేవి.