మాత్ అంటే చావు కాదు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, చదరంగంలో ఆటకట్టయితే రాజు చచ్చాడని చెప్పేవాళ్ళ మాట నమ్మకు. కరీమున్ నమ్మలేదు.

ఆమె పొదిలి పక్క పల్లెలో పరుపులకు దూది ఏకే మాబు సాహెబ్ కూతురు. ఆయనకు చదరంగమంటే ప్రాణం. అల్లుడు ఆదాంకు ఆట నేర్పింది ఆయనే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, బంట్లు కలిసి నాలుగంగాల దండు చతురంగమట. నోళ్ళలో నలిగి అదే చదరంగమైందట. 'షా మాత్' మాత్రం పారశీకం నుంచి వచ్చిందనేవాడు. షా అంటే రాజు. మాత్ అంటే చావు అని ఊరంతా అనుకునేది. ఆయన పోయాక చదరంగం బల్ల కరీమున్ ఇంటికి చేరింది. ఒక బంటును ఎలుకలు ఎత్తుకుపోతే ఆదాం దాని చోట పత్తిగింజ పెట్టి ఆడేవాడు.

తొంభై ఏడులో వాళ్ళ పత్తిచేలో పచ్చపురుగు పడింది. ఏ మందు కొట్టినా చావలేదు. కాయలన్నీ తొలిచేసింది.

ఓ మధ్యాహ్నం కరీమున్ నీళ్ళబిందెతో వచ్చేసరికి ఆదాం వసారాలో ఒక్కడే బల్ల ముందున్నాడు. రాజు పక్కకి ఒరిగి పడున్నాడు. మంచంకోడు దగ్గర, పొలంలో ఉండాల్సిన పురుగుమందు డబ్బా. ఆమె గుండె జారింది, బిందె మాత్రం జారలేదు.

“షా మాత్, కరీమున్. రాజు చచ్చాడు.”

ఆమె డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

“మాత్ అంటే చావటమని ఎవడు చెప్పాడయ్యా నీకు? ఎటు పోవాలో తోచక నిలబడిపోవటం. మా నాయన నోటితో విన్నా.”

“తోచకపోతే చచ్చినట్టే గదా.”

“కాదు. ఏనుగును తీసేస్తారు, గుర్రాన్ని తీసేస్తారు, మంత్రినైనా తీసేస్తారు. రాజును బల్ల మీంచి తీసినోడున్నాడా? నిన్ను తీసెయ్యటం పురుగు వల్ల కాలా. నీ అంతట నువ్వే పోతావా?”

ఆమె రాజును లేపి నిలబెట్టింది, పావులన్నీ మళ్ళీ పేర్చింది.

“ఎత్తు నీదే.”

ఆదాం పత్తిగింజను ఒక గడి ముందుకు జరిపాడు. అప్పుడు ఏడ్చాడు. ఆమె డబ్బా వదలకుండానే తన ఎత్తు వేసింది.

మర్నాటి నుంచి ఇద్దరూ పత్తికట్టె పీకి జొన్న వెయ్యటానికి దిగారు. ఆటకట్టయినోడు మళ్ళీ విత్తుతున్నాడే అని గట్టు మీంచి పక్క చేను హయాత్ ఎగతాళి చేశాడు. కరీమున్ నడుమెత్తి చూసింది.

“మాత్ అయింది బావా. అందుకే మళ్ళీ పేరుస్తున్నాం.”

గుర్తుంచుకో తల్లీ. నీ ముందు ఎవరైనా తమ రాజు చచ్చాడంటే, పక్కన కూర్చుని కరీమున్ చెప్పిన అర్థం చెప్పు. ఎత్తు వాళ్ళదేనని కూడా చెప్పు.